కాటుక రేకుల పొడ

వైద్య గ్రంథాల్లోని పాత బొమ్మలన్నీ ఐరోపావాళ్ల సొత్తనీ, తెలుగునేలకు వాటితో పని లేదనీ ఈ వారం మళ్లీ ఒక మాట చెవిన పడింది. అందులో సగం నిజం. 1543లో బాసెల్‌లో అచ్చయిన వెసేలియస్ శరీర నిర్మాణ గ్రంథం లాంటిది మనకు లేదు. శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, మెల్లగా రుద్దుతూ పొర తర్వాత పొర చూడమని సుశ్రుత సంహిత చెప్పింది గాని, బొమ్మ వేసుకోమని చెప్పలేదు. కానీ వైద్యానికి కావలసిన బొమ్మంటే ఎముకలూ కండరాలూ మాత్రమేనా? ప్రాణం తీసే పామునూ, జ్వరం దించే బెరడునూ కూడా వైద్యుడు గుర్తుపట్టాల్సిందే. ఆ లెక్కన చూస్తే, కొవ్వూరులో రైలెక్కి గోదావరి దాటాక రాజమండ్రి తర్వాత వచ్చే మన సామర్లకోట ప్రపంచ వైద్య చిత్రాల చరిత్రలో చోటున్న ఊరు.

ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా ఆ ఊరు కేంద్రంగా పనిచేశాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వందల్లో వేయించాడు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలు కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి మూడు సంపుటాల్లో లండన్‌లో అచ్చయ్యాయి. జ్వరం దించే సింకోనా బెరడుకు బదులు పనికొస్తుందని ఆయన నమ్మిన సోమిడ చెట్టు అందులో ఉంది. ఆ చెట్టు శాస్త్రనామంలో ఇప్పటికీ మన సోమిడే ఉంది. అదే కాలంలో విశాఖపట్నంలో ఉన్న మరో వైద్యుడు పాట్రిక్ రస్సెల్ మన తీరపు పాములను సేకరించాడు, విషం మీద ప్రయోగాలు చేశాడు, 1796లో రంగుల బొమ్మలతో పాముల గ్రంథం వెలువరించాడు. సామర్లకోటలో మొక్కలు గీసిన చేతులు ఎవరివో రాక్స్‌బర్గ్ గ్రంథం చెప్పదు. బొమ్మ కింద గీసినవాడి పేరుండాలన్నది నా పాత పంతమని ఈ శీర్షిక చదివేవారికి తెలుసు. 1858 నాటి గ్రేస్ అనాటమీలోని 363 బొమ్మలూ గీసిన హెన్రీ వాండైక్ కార్టర్‌కు రాయల్టీ రాలేదనీ, అదే ఏడు ఆయన బొంబాయి వచ్చి గ్రాంట్ మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాడనీ ఇక్కడ ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరదు. కార్టర్‌కు కనీసం పేరు మిగిలింది, మనవాళ్లకు అదీ లేదు.

అయితే రస్సెల్ పుస్తకాన్ని ఆ పంతంతో తిరగేస్తే, పంతమే ఒక మెట్టు దిగుతుంది. అందులో ఒక పాము పేరు కాటుక రేకుల పొడ. ఇప్పుడు మనం రక్తపింజర అంటున్న పాము అదే. దాన్ని శాస్త్రలోకం 1797లో రస్సెల్ పేరుతో పిలవడం మొదలుపెట్టింది. రస్సెల్ పేరు విన్నవాడికి పాము ఎలా ఉంటుందో తెలుస్తుందా? కాటుక రేకుల పొడ అంటే మాత్రం వీపు మీద నల్లటి అంచుతో వరుసగా పేర్చినట్టున్న రేకుల్లాంటి మచ్చలు కళ్లముందు నిలుస్తాయి. ఎక్కడ చూడాలో, ఏ రంగు చూడాలో, ఏ ఆకారం కోసం వెతకాలో మూడు మాటల్లో చెప్పేసిన పేరది. కుంచె పట్టక ముందే బొమ్మ సగం పూర్తయింది. ఆ సగం గీసినవాడికి కూడా పేరు లేదు. పొలాల్లో, పుట్టల దగ్గర తిరిగిన ఎన్ని తరాలవాళ్లో వాళ్లు. పసుపు, నలుపు పట్టెల పామును రస్సెల్ బంగారు పాము అనే రాసుకున్నాడు. ఆ మాటే లాటిన్ వేషం వేసుకుని, మన కట్లపాముతో సహా ఒక ప్రజాతి మొత్తానికి పేరైంది. చిత్రకారుడి సంతకం కోసం వెతికినంత పట్టుదలతో ఈ పేర్లను మనం ఎందుకు వెతకలేదన్నది ఇప్పుడు నన్ను తొలిచే ప్రశ్న.

పేరే అంత చెబితే బొమ్మ ఎందుకు అనవచ్చు. ఇది బలమైన అభ్యంతరమే. కానీ అదే పుస్తకంలో కొండచిలువ పేరు పెద్ద పొడ. విషం లేనిదీ, మనిషిని చంపేదీ రెండూ పొడలే. మచ్చను పట్టుకున్న పేరు రెంటినీ ఒక గూటికి చేర్చింది, చిన్న కొండచిలువను చూసి రక్తపింజర అనుకునే పొరపాటు నేటికీ ఉంది. పేరు తడబడిన చోటే బొమ్మ అక్కరకొస్తుంది: ఒకదాని మచ్చలు గొలుసులా క్రమంగా ఉంటాయి, రెండోదానివి ఎగుడుదిగుడుగా పరుచుకుంటాయి. ఆ తేడాకు ఫొటో చాలదా అంటే, ఫొటో ఒక రోజు, ఒక వెలుతురులో, ఒక్క పామును చూపిస్తుంది. కళ్లెదుట ఉన్న ఒక్కదాన్ని గీయాలా, అన్నింటికీ చెల్లే రూపాన్ని గీయాలా అన్న తగాదా ఫొటో కన్నా పాతది. 1747లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆల్బినస్ ఎముకల గూడును లోపాలు దిద్ది, ఆదర్శ రూపంగా గీయించాడు. 1774లో మరో శరీర నిర్మాణ శాస్త్రవేత్త విలియం హంటర్ మాత్రం కళ్లెదుట ఉన్న ఒక్క శరీరాన్నే ఉన్నదున్నట్టు గీయించాడు. ఆ బొమ్మల్లో ఒకదానిలో పొర మీద మెరిసిన కిటికీ ప్రతిబింబం కూడా ఉంది. చూడముచ్చటగా ఉండేది హంటర్ పద్ధతే కావచ్చు. కానీ బురదలో సగం మునిగిన పామును గుర్తుపట్టాల్సిన కూలీకి ఆ కిటికీ అక్కర్లేదు, అన్ని పాముల్లోనూ మారని గుర్తు కావాలి.

ఇంకో మాట వైద్యుల నుంచి వస్తుంది. మన దేశంలో వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి తయారైంది, ఏది కరిచిందో తేలకపోయినా ఇవ్వవచ్చు, పామును వెతుకుతూ కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి అని. ఈ మాటకు తిరుగులేదు. కానీ ఆ నాలుగింటిలో రస్సెల్ గీయించిన బంగారు పాము లేదు. పైగా నేను అడుగుతున్న బొమ్మ కాటు పడ్డాక చూసేది కాదు, గట్టు మీద కాలు మోపేముందే మనసులో ఉండాల్సింది. కార్టర్ తన బొమ్మల్లో భాగాల పేర్లను అంకెలతో పక్కకు నెట్టకుండా ఎముక మీదే, నరం మీదే రాశాడు. చూపు, మాట ఒకేచోట ఆగుతాయి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడల మీద కావలసింది అలాంటి బొమ్మ. పెద్ద పొడ పక్కనే కాటుక రేకుల పొడ, కట్లపాము పక్కనే దానిలా కనిపించే విషం లేని పాము, పేర్లు ఒంటి మీదే పెద్ద తెలుగు అక్షరాల్లో, కింద మూలన గీసినవాడి సంతకం.