ఇంజిన్ వయసు తేలాకే గేజి

పాత పడవ ఇంజిన్‌ను బాగుచేయించినవాళ్లు ప్యానెల్ దగ్గరికి వచ్చేసరికి అసలు పని అయిపోయిందనుకుంటారు. ఇత్తడి అంచున్న గేజిలు నాలుగు కొని, వైర్లు కలిపి, ముల్లు కదిలితే చాలని సంతృప్తి పడతారు. కానీ ముల్లు కదలడం వేరు, నిజం చెప్పడం వేరు. ఆ ఇంజిన్ ఏ ఏడాదిదో, ఎవరి చేతుల మీదుగా పడవలోకి చేరిందో తేల్చుకోకుండా దానికి గేజి బిగించకూడదు. వయసు తెలిస్తే ఇంజిన్‌కు బిగించి గేజికి సంకేతం పంపే సెండర్ మర ఏ కొలతదో, బ్యాటరీ ఎర్తు ఏ వైపుదో, నీళ్లు ఎంత వేడెక్కితే మామూలో తెలిసే వీలుంటుంది. తెలియకుండా బిగిస్తే ప్యానెల్ అందంగానే ఉంటుంది, నమ్మకం మాత్రం ఉండదు.

ఇంగ్లండ్‌లోని పీటర్‌బరోలో పుట్టిన పెర్కిన్స్ 4.108నే తీసుకుందాం. బ్రిటన్, అమెరికా తెరచాప పడవల్లో ఇది ఇప్పటికీ విరివిగా కనిపిస్తుంది. పేరులోని 4 సిలిండర్ల లెక్క, 108 ఘనపుటంగుళాల లెక్క. అంటే దాదాపు 1.76 లీటర్లు. దీని నంబరు సిలిండర్ బ్లాకు మీద చదును చేసిన చోట పోతపోసినట్టు కాకుండా అచ్చుగుద్ది ఉంటుంది. 1974 నుంచి పెర్కిన్స్ నంబర్లకు ఒక క్రమం వచ్చింది. మొదటి రెండు అక్షరాలు ఇంజిన్ కుటుంబాన్ని చెబుతాయి, 4.108కి అవి ‘ఈడీ’. తర్వాతి ఐదంకెలు ఏయే భాగాలతో కూర్చారో చెప్పే జాబితా సంఖ్య. ఆ వెనక ‘యూ’ ఉంటే బ్రిటన్‌లో తయారైనట్టు. వరుస సంఖ్య అయ్యాక చివర వచ్చే ఒక్క అక్షరమే ఏడాది: ‘ఏ’ అంటే 1974, ‘డీ’ అంటే 1977. ఆ చివరి అక్షరం లేకపోతే అంతకుముందుదని ఊహించవచ్చు. అయితే అక్కడితో తృప్తి పడకూడదు. పెర్కిన్స్ చేసిన మూల ఇంజిన్లను కొని, వాటికి సముద్రపు నీటి పంపు, హీట్ ఎక్స్‌ఛేంజర్ తగిలించి, తమ పేరుతో అమ్మిన సంస్థలున్నాయి. అమెరికాలో వెస్టర్‌బెకె అలాంటిదే. పైన పలక మీద ఒక పేరు, బ్లాకు మీద మరో నంబరు కనిపిస్తే రెండూ నిజమే కావచ్చు. గేజి బిగించేవాడికి రెండు జాతకాలూ కావాలి, ఎందుకంటే సెండర్లు, వైరింగు చాలాసార్లు రెండో సంస్థ పెట్టినవే.

అమెరికన్ షెవర్లే బ్లాకులతో చేసిన పెట్రోలు పడవ ఇంజిన్లలో చిక్కు ఇంకో రకం. వాటి మీద పోత తేదీ ఉంటుంది: నెలకొక అక్షరం, తర్వాత రోజు, చివర ఏడాదిలోని ఆఖరి అంకె. ఆఖరి అంకె 6 అయితే 1966 కావచ్చు, 1976 కావచ్చు. పోత సంఖ్యతో, బ్లాకులోని మార్పులతో సరిచూసుకుంటేనే దశాబ్దం తేలుతుంది. పైగా పోత తేదీ బ్లాకు పుట్టిన రోజు మాత్రమే. ఇంజిన్‌గా కూర్చింది ఆ తర్వాతే.

ఈ వెతుకులాట అంతా అనవసరమని, కొలతలు సరిపోయే సెండర్ బిగిస్తే చాలని చాలామంది అంటారు. అసలు ప్రమాదం ఆ ‘సరిపోవడం’లోనే ఉంది. బ్రిటిష్ ఇంజిన్‌లో ఎనిమిదో వంతు అంగుళం బీఎస్‌పీ మర ఉంటే అంగుళానికి 28 చుట్లు, కోణం 55 డిగ్రీలు. అదే సైజు అమెరికన్ ఎన్‌పీటీ మరకు 27 చుట్లు, 60 డిగ్రీలు. ఒకదానిలో మరొకటి మొదటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, ఆ తర్వాత పట్టేస్తుంది. బిగిసిందని పానాతో ఇంకాస్త తిప్పితే పాత పోత ఇనుములో మర చెడిపోతుంది, లేదా ఏడాది తిరక్కుండా నూనె ఊరుతుంది.

విద్యుత్తు గేజిలో తప్పు ఇంకా కనపడకుండా దాక్కుంటుంది. అమెరికన్ ఆయిల్ ప్రెషర్ సెండర్ ఒత్తిడి లేనప్పుడు సుమారు 240 ఓములు చూపి, ఒత్తిడి పెరిగేకొద్దీ 33కి దిగుతుంది. యూరప్‌లో విరివిగా వాడేది దానికి తలకిందులు: ఒత్తిడి లేనప్పుడు 10, నిండా ఉన్నప్పుడు 180 దాకా. ఒక దేశపు గేజికి మరో దేశపు సెండర్ కలిపితే, ఒత్తిడి పడిపోతున్నప్పుడు ముల్లు పైకి లేస్తుంది! బేరింగులు ఎండిపోతున్న నిమిషంలో కాపలాదారు ‘అంతా బాగుంది’ అంటున్నట్టు. అందుకే గేజిని, సెండర్‌ను ఎప్పుడూ ఒకే జతగా కొనాలి. ఆ రెండింటి లెక్క ఇంజిన్ పుస్తకంలోని సంఖ్యతో సరిపోవాలి; ఉదాహరణకు 4.108కి పని వేడిలో, పని వేగంలో 30 నుంచి 60 పౌండ్ల ఒత్తిడి ఉండాలి. అది తెలియకపోతే గేజి అంకెలకు అర్థం లేదు.

వేడి విషయంలోనూ అంతే. సముద్రపు నీటినే నేరుగా బ్లాకులో తిప్పే పాత ఇంజిన్లలో ఉప్పు పేరుకోకుండా థర్మోస్టాట్ 55, 60 డిగ్రీల దగ్గరే తెరుచుకుంటుంది. మంచినీటి చుట్టు, హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న ఇంజిన్ 80, 85 దగ్గర నడుస్తుంది. రెండోదాని కోసం చేసిన గేజి పచ్చగీతను మొదటిదానికి పెడితే, ఇంజిన్ వేడెక్కి ఉప్పు కడుతున్నా ముల్లు పచ్చలోనే ఉంటుంది. ఇక కరెంటు: 1960ల మధ్య దాకా లూకాస్ డైనమోతో వచ్చిన బ్రిటిష్ ఇంజిన్లలో చాలావాటికి పాజిటివే ఎర్తు. డైనమో ఇచ్చేది 20 పైచిలుకు ఆంపియర్లు. ఆ స్థానంలో అంతకంటే ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టి, పాత అమ్మీటర్‌ను అలాగే ఉంచితే కరెంటంతా ఆ చిన్న యంత్రంలోంచే పోవాలి, అది కాలిపోవచ్చు. అక్కడ వోల్ట్‌మీటరే సరైనది.

ఇలా గేజిలు మార్చమంటే సంప్రదాయాన్ని కాపాడాలనేవాళ్లకు కష్టం కలుగుతుంది. ఆ కాలపు గేజి ఉండాల్సిన చోట ఆ గేజే ఉండాలని వాళ్ల పట్టు. ఆ పట్టులో నిజముంది. 1849లో యూజీన్ బూర్డాన్ పేటెంటు పొందిన గొట్టం, అంటే ఒత్తిడికి విచ్చుకునే వంపు గొట్టం, ఇప్పటికీ బ్యాటరీతో పని లేకుండా ఒత్తిడిని నేరుగా చూపుతుంది. ఏ సెండరూ మధ్యలో ఉండదు కాబట్టి అది అబద్ధం చెప్పే దారులు తక్కువ. పాత మెకానికల్ గేజి పాతది కాబట్టి కాదు, నిజం చెబుతుంది కాబట్టి ఉంచాలి. కానీ దాని సన్నని రాగి గొట్టం అదుర్లకు పగిలితే వేడి నూనె మనిషి మీదే చిమ్ముతుంది. అందుకే ఇంజిన్ దగ్గర చుట్ట చుట్టి పట్టీలతో కట్టడం, ఇంజిన్ వైపు మెత్తని గొట్టం ముక్క పెట్టడం తప్పదు. ముల్లుతో పాటు, ఒత్తిడి పడిపోతే మోగే అలారం, ఎగ్జాస్ట్ వేడెక్కితే మోగే అలారం కూడా ఉండాలి. నీళ్లు పోయాక సెండర్ తడిలేని గాలిలో మిగిలితే గేజి వేడి తగ్గిందనే చూపుతుంది. ఎగ్జాస్ట్ అలారం ఆ లోటు పూరిస్తుంది. ప్యానెల్ వెనక దాచిన అలారం వల్ల పడవ చరిత్ర చెడదు, కావాలంటే రేపు తీసేయవచ్చు. అసలు రంధ్రాలను పెద్దవి చేయకుండా, పాత వైరింగు ఫొటోలు తీసి ఉంచితే తర్వాతివాడు వెనక్కి తిప్పుకోగలడు.

బిగించాక పరీక్ష తప్పనిసరి. వేడిని కొలిచే సెండర్‌ను థర్మామీటరుతో కలిపి నీళ్ల గిన్నెలో వేడిచేసి, 60, 80, 95 దగ్గర గేజి ఏం చూపిందో రాసుకోవాలి. నూనె లైనులో టీ ముక్కతో నమ్మకమైన గేజి ఒకటి తాత్కాలికంగా కలిపి సరిపోల్చాలి. ఐదు డిగ్రీల తేడా ఉంటే ఫరవాలేదు, ఆ తేడా తెలిసి ఉండాలి. ఇంజిన్ నంబరు, పోత తేదీ, సెండర్ ఓములు, మర రకం, ఎర్తు వైపు, వేడెక్కాక పని వేగంలో ముల్లు నిలిచిన చోటు, ఇవన్నీ పడవ లాగ్‌బుక్కులో ఒకే పేజీలో రాసి ఉంచాలి.