విడివిడి శాస్త్రాలను కలిపి చూపిన మేరీ సోమర్‌విల్

పరిశోధకుడు కనిపెడతాడు, రచయిత దాన్ని తేలిక మాటల్లో పదిమందికీ చెబుతాడు. మొదటిది సృష్టి, రెండోది పంపిణీ. జనరంజక విజ్ఞానం గురించి మనలో పాతుకుపోయిన అభిప్రాయం ఇదే. సైన్సును బాగా వివరించడం కూడా జ్ఞానాన్ని పెంచే పనేనని, దానికి విషయం మీద పూర్తి పట్టు కావాలని నా వాదన. అందుకు మేరీ సోమర్‌విల్ రచనలను మించిన సాక్ష్యం దొరకడం కష్టం. 1780లో స్కాట్లండ్‌లోని జెడ్‌బరోలో పుట్టి, 1872లో ఇటలీలోని నేపుల్స్‌లో కన్నుమూసిన ఈమె ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. ఆ రోజుల్లో బ్రిటన్‌లోని విశ్వవిద్యాలయాలు ఆడవాళ్ళను చేర్చుకునేవి కావు. ఆమె చనిపోయిన కొన్నేళ్ళకు, 1879లో, ఆక్స్‌ఫర్డ్‌లో మహిళల కోసం వెలసిన విద్యాసంస్థకు ఆమె పేరే పెట్టారు. ఇందిరా గాంధీ చదివిన సోమర్‌విల్ కాలేజీ అదే.

ఆమె చదువు సాగిన తీరు తెలిస్తే ఆమె రాసిన తీరు అర్థమవుతుంది. బడికి వెళ్ళింది ఒక్క ఏడాది. బీజగణితం అనేది ఒకటుందని తెలిసింది ఒక ఆడవాళ్ళ పత్రికలోని పజిల్ వల్ల. యూక్లిడ్ రేఖాగణితాన్ని తమ్ముడికి చదువు చెప్పే మాస్టారి ద్వారా తెప్పించుకుంది. రాత్రిపూట చదివి ఆరోగ్యం పాడు చేసుకుంటోందని ఇంట్లోవాళ్ళు కొవ్వొత్తులు తీసేస్తే, చీకట్లోనే సిద్ధాంతాలను మనసులో ఒక్కొక్కటిగా నడిపించుకునేది. 1804లో జరిగిన మొదటి పెళ్ళి మూడేళ్ళకే భర్త మరణంతో ముగిసింది. 1812లో పెళ్ళాడిన డాక్టర్ విలియం సోమర్‌విల్ మాత్రం ఆమె చదువుకు చివరిదాకా అండగా నిలిచాడు. గురువు పక్కన కూర్చుని నేర్పని చదువులో ప్రతి మెట్టూ సొంతంగా ఎక్కాల్సిందే. ఎక్కడ కాలు జారుతుందో, ఏ మెట్టు పాఠకుడికి కనిపించదో ఆమెకు తెలియడం అందువల్లే. వివరించే విద్యకు మూలధనం ఇదే.

1827లో లార్డ్ బ్రూమ్ అనే రాజకీయవేత్త ఆమెను ఒక పని అడిగాడు. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ గ్రహగతుల మీద రాసిన మహాగ్రంథాన్ని ఇంగ్లీషు పాఠకులకు అందించాలన్నది ఆ కోరిక. రాసింది బాగోకపోతే చేతిప్రతిని తగలబెట్టాలనే షరతు మీద ఆమె ఒప్పుకుంది. 1831లో అచ్చయిన ‘మెకానిజం ఆఫ్ ది హెవెన్స్’ మక్కికి మక్కి అనువాదం కాదు. లాప్లాస్ వదిలేసిన మెట్లను ఆమె పూరించింది, అవసరమైన చోట పటాలు చేర్చింది, లెక్క ఎందుకు అలా నడిచిందో చెప్పింది. కేంబ్రిడ్జిలో పై తరగతుల విద్యార్థులు దాన్ని పాఠ్యగ్రంథంగా చదివారు. తాను చేరలేని విశ్వవిద్యాలయానికి ఆమె పుస్తకం పాఠం చెప్పింది. ఆ పుస్తకానికి గణితం లేకుండా ఆమె రాసిన సుదీర్ఘమైన ముందుమాటే తర్వాతి రచనకు విత్తనమైంది.

1834లో వచ్చిన ‘ఆన్ ది కనెక్షన్ ఆఫ్ ది ఫిజికల్ సైన్సెస్’ అలా పుట్టింది. ప్రకృతి నియమాలను తన దేశపు స్త్రీలకు చేరువ చెయ్యాలన్నది అందులో ఆమె స్వయంగా చెప్పుకున్న ఉద్దేశం. దాని నిర్మాణంలోనే ఆమె పనితనం ఉంది. గురుత్వాకర్షణతో మొదలుపెట్టి, గ్రహాలు ఒకదాన్నొకటి లాగడం వల్ల వాటి దారుల్లో వచ్చే తేడాలకు, చంద్రుడి నడకకు, అక్కడి నుంచి భూమి ఆకారానికి, సముద్రపు ఆటుపోట్లకు వస్తుంది. చంద్రుడికి దగ్గరగా ఉన్న నీటి మీద లాగుడు ఎక్కువ, భూమి కేంద్రం మీద కొంచెం తక్కువ, అవతలి వైపు నీటి మీద ఇంకా తక్కువ. అందుకే నీరు రెండు వైపులా ఉబ్బుతుంది, సముద్రానికి సాధారణంగా రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యచంద్రులు ఒకే వరసలోకి రావడంతో పోటు పెరుగుతుంది. ఆకాశంలో చూసిన నియమమే రేవులో పడవను పైకెత్తుతోందని పాఠకుడు తనంతట తాను గ్రహిస్తాడు. ఒక్క కారణాన్ని చేతికిచ్చి అది ఎంత దూరం పోతుందో చూపించడం ఆమె మొదటి పద్ధతి.

రెండో పద్ధతి, తెలిసినదాన్ని ఆసరా చేసుకుని తెలియనిదాన్ని పరిచయం చెయ్యడం. శబ్దం గాలిలో కదలిక అని ముందు చెప్పి, ఆ తర్వాతే కాంతిలోకి వెళుతుంది. వెలుగుకు వెలుగు తోడైతే కొన్నిచోట్ల చీకటి ఏర్పడుతుందన్న వ్యతికరణాన్ని అలల ఊహ అలవాటైన మనసు తేలిగ్గా ఒప్పుకుంటుంది. మూడో పద్ధతి, నిపుణుల చేత సరిచూపించుకోవడం. విద్యుత్తు గురించి రాసినదాన్ని ఫారడే పరిశీలించాడు, ఖగోళ విషయాల్లో జాన్ హెర్షెల్ సలహా ఇచ్చాడు. కొత్త ఫలితం వచ్చినప్పుడల్లా పాత పేజీని తిరగరాసింది. 1877 నాటికి పుస్తకం పది ముద్రణలకు చేరింది. కాంతి అలలను మోస్తుందని ఆ రోజుల్లో అందరూ నమ్మిన ఈథర్ వంటివి ఇవాళ నిలవవు నిజమే. కానీ సాక్ష్యం ఎక్కడిదాకా ఉంది, ఊహ ఎక్కడ మొదలైంది అని వేరు చేసి చెప్పే అలవాటుకు కాలదోషం పట్టదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇంత చేసినా ఆమె సొంతంగా కనిపెట్టింది ఏముంది? ఊదారంగు కిరణాలు ఉక్కు సూదికి అయస్కాంతత్వం ఇస్తాయని ఆమె రాసిన పత్రాన్ని 1826లో ఆమె భర్త రాయల్ సొసైటీకి సమర్పించాడు. ఆ ఫలితం తర్వాతి ప్రయోగాల్లో నిలవలేదు. కాబట్టి ఆవిష్కర్తగా ఆమెను పెద్ద చెయ్యనక్కర్లేదు. కానీ యురేనస్ విషయం చూడండి. లెక్కకు అందకుండా ఆ గ్రహం దారి తప్పుతున్న తీరును బట్టి, దాని అవతల కంటికి కనిపించని మరో వస్తువు ఉందేమో, దాని బరువూ కక్ష్యా కూడా చెప్పవచ్చేమో అని ఆమె తన పుస్తకంలో రాసింది. తర్వాత నెప్ట్యూన్‌గా తేలిన ఆ వస్తువు కక్ష్యను లెక్కగట్టాలన్న ఆలోచన ఆ వాక్యంతోనే కలిగిందని ఇంగ్లీషు గణితవేత్త జాన్ కౌచ్ ఆడమ్స్ సోమర్‌విల్ భర్తతో చెప్పినట్టు ఆమె ఆత్మకథలో ఉంది. 1846లో ఫ్రాన్స్‌కు చెందిన లెవెర్యే వేరుగా చేసిన లెక్క ఆధారంగా బెర్లిన్‌లో ఆ గ్రహాన్ని చూశారు. గ్రహాన్ని పట్టిచ్చింది ఆ లెక్కలే. ఆ సమస్య అప్పటికే కొందరు శాస్త్రజ్ఞుల మనసుల్లో ఉంది కూడా. అయినా దాన్ని ఎవరైనా అందుకోగల రూపంలో బయట పెట్టింది సామాన్య పాఠకుడి కోసం రాసిన పుస్తకం. ప్రశ్నను సరిగ్గా నిలబెట్టడం పరిశోధనలో సగం పని.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ భౌతికశాస్త్ర దిగ్గజం మాక్స్‌వెల్‌ది. ఆ పుస్తకంలోని భాగాలు విడివిడి గ్రంథాల్లా ఉన్నాయని, వాటిని కలిపింది ఒకే అట్ట మాత్రమేనేమో అనిపిస్తుందని, అందులో కనిపించే ఐక్యత ప్రకృతిది కాదు, శాస్త్రపద్ధతిదని ఆయన రాశాడు. శక్తి నిత్యత్వ సిద్ధాంతం తెలిసిన తరం నుంచి చూస్తే ఆ మాట న్యాయమే. కానీ శాస్త్రజ్ఞుల మనసుల్లో కదులుతూ ఇంకా మాటకందని ఆలోచనలకు స్పష్టమైన రూపమిచ్చి, వాళ్ళను ఆవిష్కరణల వైపు నడిపించే పుస్తకాల్లో దీన్ని చేర్చింది కూడా ఆయనే. 1834లోనే కేంబ్రిడ్జి పండితుడు విలియం వీవెల్ ఆ పుస్తకాన్ని సమీక్షిస్తూ, శాస్త్రాలు ముక్కలైపోతున్నాయని, ఇలాంటి రచన దానికి విరుగుడని గుర్తించాడు. శాస్త్రాలను కలిపే ఆ దారి ఎటు పోయిందో మన గుంటూరు చూసింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అక్కడి నుంచి సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. అందులోని వెలుగు గీతలు అవి వేడెక్కిన వాయువులని తేల్చాయి. కాంతిశాస్త్రం, రసాయనశాస్త్రం, ఖగోళశాస్త్రం ఒక్క దుర్భిణి దగ్గర కలిశాయి. అప్పటికి ఆమె ఇంకా బతికే ఉంది.

సమీకరణాలు లేకుండా చెప్పిన సైన్సు అసలు సైన్సేనా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. సమీకరణం లేకుండా గ్రహం జాడ లెక్కగట్టలేం, నిజమే. కానీ ఏది దేనికి కారణమో, ఏ సాక్ష్యం చూసి నమ్మాలో పాఠకుడికి అర్థమైతే అతనికి అందింది సైన్సే. అలాంటి అవగాహనకు బలం ఉంది కాబట్టే దాన్ని చూసి భయపడినవాళ్ళున్నారు. 1848లో వెలువడిన ఆమె ‘ఫిజికల్ జాగ్రఫీ’ భూమి వయసు విషయంలో భూగర్భశాస్త్రం పక్షాన నిలిచినందుకు యార్క్ చర్చిలో ఆమె పేరెత్తి మరీ ఖండించారు. రాయల్ సొసైటీ ఆమె పాలరాతి ప్రతిమను తన భవనంలో పెట్టుకుంది గాని, ఆమెకు సభ్యత్వం ఇవ్వలేదు. మహిళలకు అందులో చోటు దొరకడానికి 1945 దాకా ఆగాల్సి వచ్చింది.

సోమర్‌విల్ నిలిపిన ఈ కొలతతోనే మన తెలుగులో వస్తున్న సైన్సు రచననూ కొలవాలి. వింతలు, అంకెలు, విదేశీ వార్తల ముక్కలు పేర్చితే సమాచారం పెరుగుతుంది, అవగాహన పెరగదు. ఒక కారణాన్ని చివరిదాకా వెంబడించాలి. వదిలేసిన మెట్టును పూరించాలి. నిపుణుడికి చూపించి దిద్దుకోవాలి. తెలిసినదాన్నీ ఊహించినదాన్నీ వేరుగా చెప్పాలి. దీనికి ఏళ్ళ తరబడి చదువు కావాలి, ఆ చదువుకు పత్రికలూ విశ్వవిద్యాలయాలూ గౌరవం, పారితోషికం ఇవ్వాలి. తెలుగులో ఒక మంచి సైన్సు పుస్తకం రాసిన అధ్యాపకుణ్ణి పరిశోధన మానేసినవాడిగా చూడడం ఆపాలి. అతను చేసింది పరిశోధనకు రేపటి మనుషులను తయారుచేసే పని.