పరిశోధకుల పంచాంగం

పరిశోధక విద్యార్థులకు నేడు లభిస్తున్న సలహాలు దాదాపు ఒకే తీరుగా ఉంటున్నాయి: త్వరగా తెమిలే అంశం తీసుకో, ఒక అధ్యాయాన్ని మూడు వ్యాసాలు చెయ్యి. సిద్ధాంత వ్యాసానికి ముందే ప్రచురణ ఉండాలన్న షరతును యు.జి.సి. 2022లో ఎత్తివేసింది. షరతు పోయింది గాని ఆ లెక్కల బుద్ధి పోలేదని నా అభిప్రాయం. ఈ సలహాలతో పని జరుగుతుందా అన్నదే ఇక్కడ ప్రశ్న.

భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశాన్ని చూడండి. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. మధ్య తొమ్మిదేళ్లు! ఈనాటి లెక్కలో అది గొడ్డు కాలం. ప్రశ్నావళి తయారుచేసి, ఊళ్లకు వెళ్లి, వృత్తి చేసేవాళ్ల నోటిమాటను ఏ ప్రాంతానిదో గుర్తిస్తూ పోగుచేయడానికి అంత కాలమూ పడుతుంది.

1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘంతో పేరుపడ్డ ఎమ్మిగనూరుకు వెళ్లి పడుగు, పేక, నాడె, కండె అని రాసుకొస్తే కొత్తగా తెచ్చిందేమీ లేదు. మగ్గం ఆడుతుండగా పక్కన కూర్చోవాలి. పోగు తెగినప్పుడు అనే మాట, నాసి నూలును తిట్టే తిట్టు అప్పుడే వినబడతాయి.

ఆదోని పల్లెల సంగతి మరీ ముఖ్యం. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, సంబరం. ఇక్కడ 'సుగ్గికి పోయినారు' అంటే ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోయారని అర్థం. సంబరపు మాట వలస మాట ఎలా అయింది? ఒక సిద్ధాంత వ్యాసానికి ఈ ప్రశ్న చాలు. మన పరిశోధకులేమో తమకు సెలవు దొరికినప్పుడు వస్తారు. ఊళ్లో మిగిలిన నలుగురు ముసలివాళ్లతో మాట్లాడి, సమాచార సేకరణ పూర్తయిందని రాసుకుంటారు. ఆ మాటను బతుకుతున్నవాళ్లు అప్పటికి మిరప చేలల్లో ఉంటారు!

కనుక పర్యవేక్షకుల తేదీలకన్నా ముందు ఊరి పనుల తేదీలు రాసుకోండి. సుగ్గికి పోకముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి వెళ్లండి. వీలైతే చేలల్లోనే కలవండి. విన్నది ఆ రాత్రే, పూర్తి వాక్యంగా, చెప్పినవాళ్ల పనీ వయసూ ఊరూ చేర్చి రాయండి. రాసింది వాళ్లకే చదివి వినిపించండి, తప్పులు వాళ్లే దిద్దుతారు. నేతగాడు మీకిచ్చే గంట అతని కూలిలోంచి పోతుంది. దానికి చెల్లించవలసిన డబ్బును బస్సు ఛార్జీల పక్కనే ఖర్చుల అంచనాలో రాసి, అంశం ఖాయమైన రోజునే పర్యవేక్షకుల ముందు పెట్టండి.