ఈక రంగు, పెంకు రంగు

చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో అసీల్ జాతి పందెం పుంజు కొనడానికి వచ్చిన అనుభవజ్ఞుడు ధర అడిగే ముందే దాని మెడ ఈకలు వేలితో విప్పి చూస్తాడు. ఈక కొసన ఒక రంగు, మొదట్లో ఇంకో రంగు ఉండొచ్చు. తర్వాత రెక్క విప్పుతాడు. కాళ్లు, కళ్లు, తల మీద జుట్టు చూస్తాడు. తల్లి పెట్ట ఎవరింటిదని ఆరా తీస్తాడు. ఇదంతా అయ్యాకే బేరం. చదువుకోని జన్యుశాస్త్రం ఇది. మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని 1902లో ఇంగ్లండ్‌లో విలియం బేట్‌సన్ చూపించింది కూడా కోళ్లతోనే. ఆయన లెక్క కట్టిన లక్షణాల్లో ఈ తలజుట్టు ఒకటి.

అసీల్ రంగులకు ఉర్దూలో పేర్లున్నాయి. బంగారు ఎరుపుది పీలా, నలుపు ఎరుపు కలిసినది యాకూబ్, తెల్లది నూరీ, నల్లది కాగర్, నలుపు తెలుపు మచ్చలది చిట్టా. కోస్తా జిల్లాల కుక్కుటశాస్త్రంలో కాకి, సేతు, డేగ, నెమలి, సవల, మైల, పింగళ, అబ్రాసు అంటారు. మెడ మీద నలుపు, తెలుపు ఈకలు సమానంగా ఉంటే పర్ల. నలుపు, ఎరుపు, పసుపు మూడూ ఉంటే కౌజు. తరాల తరబడి ఇంత సన్నగా విడదీసి చూసిన ఈ పరిశీలన గౌరవించదగ్గది.

ఇన్ని రంగులకూ మూలం రెండే వర్ణకాలు. ఒకటి నలుపునిచ్చే యూమెలనిన్, రెండోది ఎరుపు, పసుపులనిచ్చే ఫియోమెలనిన్. ఏది ఎక్కడ ఎంత తయారుకావాలో నిర్ణయించే జన్యువుల్లో ఎంసీ1ఆర్ ముఖ్యమైనది. దానిలో ఒక రూపం ఒళ్లంతా నలుపు పరుస్తుంది. మరో రూపం అడవికోడి పాత రంగును నిలుపుతుంది: పుంజుకు మెడ ఎరుపు, రొమ్ము నలుపు. మిగతా జన్యువులు దాని మీద పనిచేసి పలచన చేస్తాయి, చారలు గీస్తాయి, చుక్కలు పెడతాయి.

తెలుపు దగ్గరే చాలామంది మోసపోతారు. చూడ్డానికి తెలుపు ఒకటే అయినా దాని వెనక కారణాలు వేరు. లెగ్‌హార్న్ కోడి తెలుపు బహిర్గతమైనది, అంటే ఒక్క ప్రతి అందినా బయటపడుతుంది. పీఎంఈఎల్17 అనే జన్యువులో చేరిన చిన్న ముక్క నల్ల వర్ణకాన్ని అడ్డుకుంటుంది. దాన్ని నల్లకోడితో కలిపితే పిల్లలు దాదాపు తెల్లగానే వస్తాయి, అక్కడక్కడ నల్ల మచ్చలతో. ఇంకో తెలుపు అంతర్గతమైనది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అందితేనే బయటపడుతుంది. అందుకే రంగు కోళ్ల జంటకు ఉన్నట్టుండి తెల్లపిల్ల పుడుతుంది. పెట్ట ఎక్కడో కల్తీ అయిందని అమ్మినవాణ్ని తిట్టిపోస్తారు. నిజానికి ఆ తెలుపు ఇద్దరి రక్తంలోనూ దాగి ఉండి, సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి బయటపడుతుంది. తెల్లపుంజుది ఏ రకమో తేల్చాలంటే శుద్ధమైన నల్లపెట్టతో జతకట్టి పిల్లల్ని చూడటమే దారి.

కల్తీని పట్టుకోవడానికి ఈక కంటే తలజుట్టే నమ్మకమైన సాక్షి. అసీల్ తల మీద మూడు వరసల బుడిపెలతో పొట్టిగా అణిగిన జుట్టు ఉంటుంది. మామూలు ఊరికోడికి పళ్లు పళ్లుగా నిలబడే ఒంటి జుట్టు. మొదటిది బహిర్గత లక్షణం కాబట్టి ఈ రెండింటికీ పుట్టిన తొలితరం పిల్లలకు బుడిపెల జుట్టే వస్తుంది, చూపరికి అసీల్‌గానే కనిపిస్తాయి. వాటిని వాటిలో వాటికే జతకట్టినప్పుడు నాలుగో వంతు పిల్లలకు ఒంటి జుట్టు లేస్తుంది. ఈ ఒక్క లెక్క తెలిసినవాడు ఒక్క పుంజును చూసి డబ్బు పోయడు, దాని పిల్లల్ని చూపించమంటాడు.

తల్లిని అడగడంలోనూ అర్థముంది. పక్షుల్లో పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక్కటే. పెట్టపిల్ల తన జెడ్‌ను తండ్రి నుంచే తీసుకుంటుంది, పుంజుపిల్లకు చెరొకటి అందుతుంది. వెండి, బంగారు ఛాయలను నడిపే జన్యువు ఆ జెడ్ మీదే ఉంది. బంగారు ఛాయ పుంజును వెండి ఛాయ పెట్టతో కలిపితే ఆడపిల్లలు బంగారు ఛాయతో, మగపిల్లలు వెండి ఛాయతో పుడతాయి. గోధుమ గుడ్ల లేయర్ కోళ్లను పెంచే హేచరీలు ఒకరోజు పిల్లల్ని నూగు రంగు చూసి వేరు చేస్తున్నది ఈ సూత్రంతోనే.

గుడ్డు సంగతికొస్తే, పుంజు గుడ్డు పెట్టదు గనక దాని వాటా కూతుళ్లు పెట్టేదాకా తెలియదు. గోధుమ రంగు ప్రోటోపార్ఫిరిన్ అనే వర్ణకం వల్ల వస్తుంది. పెంకు తయారీ ముగింపుకొచ్చే గంటల్లో పై పొరల మీద ఎక్కువగా పడుతుంది. అనేక జన్యువుల ఫలితం కావడంతో తెల్లగుడ్ల జాతితో కలిపితే కూతుళ్ల గుడ్లు మధ్యస్థ ఛాయలో ఉంటాయి. చిలీ దేశపు అరౌకానా పెట్టే నీలిగుడ్డు తీరు వేరు: బిలివర్డిన్ అనే వర్ణకం పెంకు అంతటా ఇంకుతుంది, దానికి ఒక్క బహిర్గత జన్యువు చాలు. పూర్వం ఒక వైరస్ కోడి క్రోమోజోములో తన ముక్కను వదిలి వెళ్లడం వల్ల ఈ నీలం వచ్చిందని 2013లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి.

గోధుమ పెంకు చూసి నాటుగుడ్డని ఎక్కువ ధర పెట్టేవారు ఒక్క క్షణం ఆగాలి. పెంకు రంగు పెట్ట జాతిని బట్టి వస్తుంది. లోపలి పోషకాలు మేతను బట్టి మారతాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో మొదలై, ఇప్పుడు కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌గా ఉన్న సంస్థ రూపొందించిన గ్రామప్రియ కోడి కూడా గోధుమ గుడ్లే పెడుతుంది. అదే సంస్థ వనరాజాకు రంగురంగుల ఈకలు నిలబెట్టింది. పెరట్లో తిరిగే కోడి తెల్లగా మెరిస్తే గద్దకు దూరం నుంచే కనబడుతుంది. ఊరివాళ్లు కూడా రంగుకోడినే ఇష్టపడతారు. వనశ్రీని ఏకంగా అసీల్ నుంచే తీశారు.

కోడిపందెంలో ఏ వారం, ఏ వేళ ఏ రంగు గెలుస్తుందని కుక్కుటశాస్త్రం చెప్పే జోస్యానికి మాత్రం జన్యువుల్లో ఆధారం లేదు. ఈక రంగు పౌరుషాన్ని తేల్చదు. సంక్రాంతి బరిలో కత్తి కట్టి ఈ పక్షుల్ని చంపుకోవడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. తరతరాల ఎంపికతో నిలబెట్టిన జాతిలోంచి ఏరి ఏరి మేలైన పుంజులనే అక్కడికి పంపడం మరీ బాధాకరం. పిల్లల్నిచ్చి జాతిని నిలపాల్సిన పుంజులు అవే.

అసీల్ పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది, పొదుగుకు కూర్చుంటే మాత్రం కదలదు. తక్కువ పిల్లలున్న చోట ప్రతి పిల్లకూ లెక్క ఉండాలి. గుడ్డు మీద పెట్ట గుర్తు పెన్సిల్‌తో రాసి, పొదిగిన పిల్లల కాళ్లకు వేర్వేరు రంగుల కడియాలు తొడిగి, ఎవరికి ఎవరు పుట్టారో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే మూడో తరానికల్లా ఏ జంటలో తెలుపు దాగుందో, ఏ పుంజు ఒంటి జుట్టును మోస్తోందో చాలావరకు బయటపడుతుంది.