తాళం చెవి ఎవరి దగ్గర?

మా వైపు పల్లెల్లో ఆదివారం ఆరాధన పన్నెండు దాటాక చర్చికి తాళం పడుతుంది. వారం మధ్యలో ఉపవాస ప్రార్థన ఉంటే తీస్తారు, లేకపోతే మళ్లీ ఆదివారమే. లోపల స్లాబు గది, ఫ్యాన్లు, చాపలు, మైకు సెట్టు. పక్క వీధిలో అంగన్‌వాడీలో కిశోరి బాలికల సమావేశం మాత్రం గుడ్ల ట్రేలకీ పాల ప్యాకెట్లకీ మధ్య ఒద్దుకుని జరుగుతుంది. ఆడపిల్లల బృందాలకు సంఘం ఎలా దగ్గర కావాలని పెద్దలు చర్చ పెట్టినప్పుడల్లా నాకు ఆ తాళమే కళ్లముందు ఆడుతుంది.

మనకు తెలిసిందల్లా పిల్లల్ని మన దగ్గరికి పిలవడమే. క్రిస్మస్‌కి ఒక డాన్సు, మే నెలలో వీబీఎస్ (సెలవుల బైబిలు బడి), చివరి రోజు బహుమతులు, గ్రూప్ ఫోటో. జూన్ వచ్చిందంటే వాళ్లెవరో మనమెవరో.

ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్లో పాస్టరమ్మగారు దీన్ని తిరగేసి చేశారు. అంగన్‌వాడీ టీచరును అడిగి, ఆ పిల్లల సమావేశానికి తానే వెళ్లి వెనక చాప మీద కూర్చున్నారు. ప్రార్థన చేయలేదు, మాట్లాడలేదు. కొన్నాళ్లకి పిల్లలే, ‘అమ్మగారూ, మీ చర్చిలో బాత్రూముకి లోపల గడియ ఉందా?’ అని అడిగారు. వాళ్లకి కావలసినవి రెండే: గడియ ఉన్న బాత్రూము, సాయంత్రం చదువుకోవడానికి టీవీ మోత లేని చోటు.

అందుకు సాయంత్రాలు చర్చి తెరుద్దామంటే, సంఘ పెద్దల్లో ఒకాయన ‘రేపేదన్నా జరిగితే ఎవరిది పూచీ?’ అన్నాడు. ఆ ప్రశ్న విని విసుక్కున్నవాళ్లున్నారు గానీ, నా లెక్కలో ఆ రోజు అందరికంటే పనికొచ్చే మాట అన్నది ఆయనే. దాంతో కట్టుబాట్లు పుట్టాయి. తాళం తీసేది పాస్టరమ్మగారు, ఆమెకి తోడు స్త్రీల సమాజం నుంచి ఇంకొకరు. మగవాళ్లెవరూ ఒంటరిగా లోపలికి రాకూడదు, పాస్టరుగారైనా సరే. తల్లులు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. చీకటి పడేలోపు పిల్లలు ఇళ్లకు చేరాలి. వచ్చేవాళ్లలో చర్చికి రాని ఇళ్ల పిల్లలూ ఉన్నారు కాబట్టి చదువు వేళ వాక్యం చెప్పకూడదని కూడా అనుకున్నారు. ఇది మింగుడుపడనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

వాళ్లకి గుంటూరు సంగతే గుర్తుచేయాలి. 1883లో డాక్టరమ్మ అన్నా కుగ్లర్ ఇక్కడికి వచ్చినప్పుడు లూథరన్ మిషన్ బోర్డు ఆమెను వైద్యానికి పంపలేదు. ఇళ్లల్లో ఆడవాళ్ల మధ్య పని, ఆడపిల్లల బడులు చూడమంది. మగ డాక్టరు ముందుకు రాలేని ఆడవాళ్లకి కావలసింది డాక్టరమ్మ. ఆమె వైద్యం కూడా చేసుకుంటూ పోయింది. రెండేళ్లకి బోర్డు ఒప్పుకుంది, 1898లో ఆసుపత్రి తెరిచారు. కుగ్లర్ ఆసుపత్రి అంటే ఇప్పటికీ ఊళ్లో దారి చెబుతారు.

ఇంకో సంగతి, వేళ. జనవరి నుంచి మిరపకోతలు. సెలవు రోజున పెద్దపిల్లలు తల్లుల వెంట చేలోకి పోతారు, సాయంత్రానికి చేతులు భగభగమంటాయి. కొబ్బరినూనె రాసుకున్న ఆ చేతులతో ఏం రాస్తారు? అదే రోజుల్లో పదో తరగతి పరీక్షలు నెత్తిన ఉంటాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి కోతలకొచ్చే కుటుంబాల్లో బడి మానేసి వచ్చిన పిల్లలుంటారు. వాళ్ల పేర్లు మన ఊరి ఏ రిజిస్టర్లోనూ ఉండవు. కార్యక్రమాల పట్టిక కోతల్ని చూసుకుని వేయాలి గానీ పండగల్ని చూసుకుని కాదు.

హైస్కూల్లో గైడ్స్ దళం ఉంటే సంగతి ఇంకా తేలిక. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో అన్ని మతాల పిల్లలూ ఉంటారు. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు ధర్మం అని చెప్పుకునే వీలు కూడా ఉంది. వాళ్లకి ఆవరణ ఇవ్వండి, ప్రథమ చికిత్స నేర్పడానికి మిషన్ ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మను పిలిపించండి. ప్రసంగం మాత్రం పెట్టకండి.

కరెంటు బిల్లు ఎవరు కడతారని కమిటీలో అడక్క మానరు. డిసెంబరులో చర్చి చుట్టూ నెలంతా వెలిగే సీరియల్ బల్బులకి ఎవరు కడుతున్నారో వాళ్లే.