పొడియక్షరము వెనుకటి యూరు

పేళ్లకు వ్యుత్పత్తి చెప్పఁబూనువారు సాధారణముగా నిఘంటువును ముందు విప్పుదురు. ఆ పేరుగల మనుష్యుని నడుగుట తరువాతి పని యనుకొందురు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములందు ఈ పద్ధతి నిలువదు. ఈ మూఁడును తెలుఁగు, కన్నడము, తమిళము ఒరసికొను సీమలోనివి. ఒక్కవీథిలోనే యొకని పేరునకు ముందున్న యక్షరము ఇంటిపేరు. ప్రక్కయింటివానికి నది తండ్రిపేరు. ఎదురింటివానికి నది యూరు. మూఁటికిని గుర్తు చుక్కతోడి యక్షర మొక్కటియే. దానినే లోకము పొడియక్షర మనుచున్నది.

ముందు ఊళ్ల పేళ్లనే చూతము. పుంగనూ రనఁగానే సంస్కృతము చదివినవానికి ‘పుంగవ’ శబ్దము స్ఫురించును. పుంగవ మనఁగా వృషభము. ఆ యూరి పొట్టిజాతి యావులు లోకప్రసిద్ధములు. ఇంతకంటె నందమైన వ్యుత్పత్తి యెక్కడ దొరకును? కాని యందము ప్రమాణము కాదు. వకార మేమయ్యెనో చెప్పవలెను. మఱియు నా శబ్దము నరపుంగవుఁ డనునట్లు సమాసము చివర నిలిచి శ్రేష్ఠత్వమును దెలుపుటయే ప్రసిద్ధముగాని, ఊరు అను దేశ్యపదమునకు ముందు చేరుట ప్రసిద్ధము కాదు. తమిళమునఁ గానుగచెట్టునకుఁ బుంగ మని పేరు. పుంగనూళ్లు తమిళదేశమునను గలవు. అచ్చట నీ పొట్టియావుల ప్రసిద్ధి లేదు. చింతల పేరను, వేపల పేరను ఊళ్లున్నట్లే యిది కానుగల యూ రనుట సరసము.

మర్యాదరామన్నపురమే మదనపల్లె యైన దని యొక వాడుక యున్నది. రామన్న తీర్పుల కథలు మిక్కిలి యింపైనవి. ఆ యూరివారి యభిమానము నాక్షేపింపఁ బనిలేదు. అయినను రామన్న మొత్తము తొలఁగిపోయి, పురము పోయి, పల్లె క్రొత్తగా వచ్చి చేరుట వర్ణలోపము కాదు, పేరు మార్పు. మదనుఁ డను మనుష్యుని పల్లె యనినచో వ్యాకరణమున కే యిబ్బందియు లేదు. ఆ మదనుఁ డెవ్వఁ డందురేని, వాని చరిత్ర చెప్పుట శబ్దశాస్త్రమునకు శక్యము కాదు.

ఇఁక మనుష్యుల పేళ్లు. పాణిని తద్ధితప్రకరణమున నివాసమును, అభిజనమును వేఱుపఱిచినాఁడు. తా నిప్పుడు వసించునది నివాసము. తన పూర్వులు వసించినది అభిజనము. మథురలో నున్నవాఁడును మాథురుఁడే, మథుర పూర్వులకు నెలవైనవాఁడును మాథురుఁడే. రూప మొక్కటియైనను అర్థములు రెండని యాచార్యుఁడు రెండు సూత్రములు చేసెను. అపత్యార్థము వీనికంటె వేఱు: దశరథుని కొడుకు దాశరథి. పొడియక్షర మీ మూఁడర్థములకును వచ్చు ప్రత్యయమువంటిది. ఏ యర్థమున వచ్చెనో తెలియక దానికి వ్యుత్పత్తి చెప్పుట సూత్ర మెఱుఁగక రూపము సాధించుటయే.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1861లో ముద్దేనహళ్లిలో జన్మించెను. ఆయన పేరు ముందటి ‘ఎం.’ ముద్దేనహళ్లి కాదు. రెండును మకారాదులే యగుటచేఁ బొరఁబడుట సులభము. అది పూర్వుల యూరైన మోక్షగుండము, అనఁగా నభిజనము. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో జన్మించెను, సర్వేపల్లి నెల్లూరుసీమలోనిది. అదియు నభిజనమే. కాని 1947 మొదలు 1952 వఱకు మైసూరు ముఖ్యమంత్రియైన కె. చెంగలరాయరెడ్డి యొద్ద కథ మాఱినది. ఆయన ‘కె.’ కోలారుసీమలోఁ దాను పుట్టిన క్యాసంబళ్లి. అణ్ణాదురై పేరు ముందటి రెండక్షరములలో నొకటి కాంచీపురము, రెండవది తండ్రియైన నటరాజన్. ఊరును అపత్యసంబంధమును జంటగా నిలిచినవి. ఈ నలువురి పేళ్లును ఒకే పట్టికలో నెక్కించి, ముందటి యక్షరములన్నిటికిని ‘ఇంటిపేరు’ అని శీర్షిక పెట్టినచో నందు సగము తప్పు.

అభిజన మన్నంతనే యర్థము తేలినదని సంతోషింపరాదు. చిత్తూరు మండలపు కథకుఁడు మధురాంతకం రాజారామ్ ఇంటిపేరు తమిళదేశములోని మధురాంతకము నొద్దకు మనలఁ గొనిపోవును. మధురాంతకుఁ డనునది పాండ్యుల మధురను జయించిన చోళులు ధరించిన బిరుదు. బిరుదు ఊరి కెక్కి, ఊరు ఇంటి కెక్కినది. నిఘంటువును మాత్రమే నమ్మినవాఁడు రాజారామ్ పూర్వులు మధురను నాశము చేసిరని వ్రాయును! దామలచెఱువులో బడిపిల్లలకుఁ జదువు చెప్పి కథలు వ్రాసిన యాయనకు మధురతో వైర మేమియు లేదు.

దీనికి విపరీతమును గలదు. కుప్పము నియోజకవర్గమునుండి 1989 మొదలు శాసనసభకు నెగ్గుచున్న నారా చంద్రబాబునాయుఁడు నారావారిపల్లెలో జన్మించెను. ఆ పేరులోని ‘వారి’ షష్ఠీబహువచనము. కావున నిచ్చట నింటిపేరే ఊరైనది. ఇంటిపేళ్లన్నియు నూళ్లనుండియే వచ్చిన వని సిద్ధాంతము చేయువారు ఈ ‘వారి’ని దాఁటిపోవఁజాలరు.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి పేరు మఱింత విచారింపఁదగినది. ఆయన తల్లిదండ్రులకు ఎనిమిదవ సంతానము. దేవకీదేవి యష్టమగర్భమును దలఁచి యా పేరు పెట్టిరి. మహాభాష్యమునఁ బతంజలి యాజ్ఞికుల మతమును జెప్పుచు, కుమారుని నామము ఘోషవర్ణముతో మొదలై, నడుమ నంతఃస్థము కలిగి, పూర్వపురుషుల ననుసరించి, రెండుగాని నాలుగుగాని యక్షరములతోఁ, గృదంతమై యుండవలె నన్నాఁడు. కృష్ణమూర్తికి నాలుగక్షరము లున్నవి. నడుమ రేఫమును గలదు. మొదటి కకారము మాత్రము ఘోషము కాదు. పుట్టుక వరుస శాస్త్రనియమమును జయించినది. మన పల్లెలలోఁ బేరు పెట్టువారు చూచునదియు నిదియే: ఏ దేవుని మ్రొక్కు, ఏ తిథి, ఎన్నవ బిడ్డ, ఏ తాత గతించినాఁడు. వర్ణముల ఘోషాఘోషముల నడుగువారు లేరు.

జిడ్డు అను ఇంటిపేరును నూనెజిడ్డుతో ముడివెట్టి నవ్వుట తేలిక. శాస్త్రకారులు డిత్థాదులను యదృచ్ఛాశబ్దములనిరి. అవి జాతినిగాని గుణమునుగాని చెప్పవు, వ్యక్తిని మాత్రము చూపును. వాడుకలోనికి వచ్చిన యింటిపేరును అట్టిదే. అది వంశమును జూపును; వంశమును వర్ణింపదు. విదేశములలో నాయన పేరునకుఁ గలిగిన గతి వేఱొకటి. పేరు చివరిభాగమే వంశనామ మను వారి యలవాటుచేఁ గృష్ణమూర్తి వంశనామమై కూర్చున్నది. నిజమైన వంశనామము జకారముగాఁ గుదించుకొని పోయినది.

దేవతానామములలోను నిఘంటువు త్రోవ తప్పించును. ఈ సీమలో మునస్వామి, మునెమ్మ, మునిరత్నము, మునిరెడ్డి యను పేళ్లు విస్తారము. మునిశబ్దము సంస్కృతమే, కాని యీ ముని మౌనవ్రతుఁడు కాఁడు, ఊరి పొలిమేరఁ గాచు నుగ్రదేవత. చెంగల్రాయుఁడు తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి; చెంగల్వపూలు స్వామికిఁ బ్రీతి. కుప్పయ్య, కుప్పమ్మ, కుప్పుస్వామి యనునవి వేఱొక తెఱఁగువి. పుట్టిన బిడ్డలు దక్కనియింట మరల బిడ్డ కలిగినప్పుడు, చెత్తకుప్పపైఁ బొరలించి, విలువలేనివాఁ డని మృత్యువును నమ్మించుట కా పేరు పెట్టుదురు. పెంటయ్యయు నట్టివాఁడే. మద్రాసున సంస్కృతవిద్యకు మూలస్తంభమైన మహామహోపాధ్యాయ కుప్పుస్వామిశాస్త్రి పేరునందును ఆ కుప్పయే యున్నది. కుప్పము ఊరిపేరును దీనితోఁ గలుపరాదు. తమిళమునఁ జెత్తకు ‘కుప్పై’, పల్లెకుఁ ‘గుప్పము’.

పుంగనూరు జమీందారుల పేళ్లలో వీరబసవ చిక్కరాయ లని కనఁబడును. చిక్క యనునది కన్నడమునఁ జిన్న, రాయలు రాజశబ్దభవము, బసవ వృషభశబ్దభవము. ఊరిపేరునుండి తోలివేసిన యెద్దు ప్రభువుపేరున మరల వచ్చి నిలిచినది!

ఇదంతయుఁ బండితుల వినోదమే యైనచో నింత వ్రాయఁ బనిలేదు. కడవూరు వీడి పోవువాని యనుమతిపత్రమున వంశనామమునకు నొక గడి, సొంతపేరునకు నొక గడి యున్నవి. తండ్రిపేరే పొడియక్షరముగాఁ గలవాఁ డా గడిలోఁ దండ్రిపేరు నింపును. విదేశమున నందఱును వానిని దండ్రిపేరునఁ బిలుతురు. స్త్రీల విషయ మింకను గట్టిది. వివాహముతోఁ దెలుఁగింటి కూఁతున కింటిపేరు మాఱును, తమిళింటి కూఁతునకు దండ్రి యక్షరము పోయి భర్త యక్షరము వచ్చును. బడిపట్టికలోని బాలికయు, భూమిపత్రములోని గృహిణియు నొక్కతెయే యని చూపుటకు సాక్షులు కావలసివచ్చును. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రికపు టెన్నికలవేళ, ముఖ్యముగా నుత్తరదేశమున, ఫలానివాని భార్య, ఫలానివాని తల్లి యని సంబంధమునే చెప్పి తమ పేరు చెప్పని సుమారు 28 లక్షల స్త్రీలు వోటరు పట్టికలనుండి తొలఁగింపఁబడిరి. అచ్చట సంబంధ ముండి పేరు లేదు. ఇచ్చటఁ బేరుండి సంబంధ మే దగునో తెలియదు.

ఇంటిపేరు విప్పినఁ గులము తెలిసిపోవునని యక్షరము వెనుక దాఁగువారును గలరు. వారి భయము నిజమైనది. అట్టివారిని విప్పుఁ డని నిర్బంధించుట పరిశోధకుని పని కాదు. కాని తానే చెప్ప నిచ్చగించువానియొద్దను అడుగక, నిఘంటువు చూచి వ్రాయుట మాత్రము క్షమింపరానిది.

కేశవరెడ్డి నవల ‘మునెమ్మ’కు శీర్షికలోఁ బొడియక్షరము లేదు. పల్లెలో నా పేరు చాలును. రెండవ మునెమ్మ యున్నచో దిగువింటి మునెమ్మ, చెఱువుకట్ట మునెమ్మ యందురు. పాణిని నివాసార్థ మక్కడ నేఁటికిని జీవించియున్నది. 1997లో నేర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయము కుప్పముననే యున్నది. దాని చుట్టుపట్ల పల్లెల బడిపట్టికలలోని యక్షరములను, ఆ యిండ్ల పెద్దలను అడిగి, అపత్యము, అభిజనము, నివాసము అని మూఁడు వరుసలుగా విడఁదీసి వ్రాయించుట ముందు జరుగవలసిన పని. ఆ యక్షరము తాత యూరో తండ్రిపేరో చెప్పఁగలవారు నేఁడు వృద్ధులు.