అడగకుండా ఆడుకునే ఆట

హైదరాబాద్ ఎండాకాలంలో గాలి బాగా పొడిబారాక, నా దగ్గరున్న గేమ్ సీడీలన్నీ అలమరా నుంచి దింపుతాను. ఒక్కొక్కటీ అంచులు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూస్తాను. దుమ్ముంటే మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడుస్తాను. గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. సీడీలో సమాచారమంతా చుట్టలు చుట్టుకుంటూ పోయే ఒకే దారిలో ఉంటుంది. ఆ దారికి అడ్డంగా పడ్డ గీతను డ్రైవ్ లెక్కగట్టి సరిచేసుకోగలదు. దారి వెంబడి పడ్డ గీత మాత్రం వరసగా చాలా సమాచారాన్ని మింగేస్తుంది. అందరూ కింద మెరిసే వైపునే అపురూపంగా చూసుకుంటారు గానీ, సీడీకి అసలు గండం పై వైపు నుంచే. సమాచారం ఉన్న పొర బొమ్మ అచ్చేసిన వైపున, పల్చటి పూత కిందే ఉంటుంది. అక్కడ బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాసినా ప్రమాదమే. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ బిళ్లల నడుమ ఉంటుంది కాబట్టి కొంత నయం.

తుడిచాక డ్రైవ్‌లో పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివిస్తాను. ప్రతి డిస్క్‌కూ ముందే తీసి పెట్టుకున్న ఇమేజ్ ఫైలు హార్డ్‌డిస్క్‌లో ఉంటుంది. రెండింటి చెక్‌సమ్, అంటే ఫైలు మొత్తానికి లెక్కగట్టిన గుర్తు సంఖ్య, ఒకటే వస్తే ఆ డిస్క్ ఈ ఏడాదికి గట్టెక్కినట్టు. నోటుపుస్తకంలో గేమ్ పేరు, సీడీ కీ, వేయాల్సిన ప్యాచ్, ఏ విండోస్‌లో నడిచిందన్నది రాసుకుంటాను. కంపెనీ అచ్చు వేసిన డిస్కులు ఏళ్ల తరబడి నిలుస్తున్నాయి. ముందు పోయేవి ఇంట్లో రైట్ చేసుకున్నవే. వాటిలో సమాచారం ఒక రంగు పొరలో ఉంటుంది, వేడికీ వెలుతురుకీ ఆ రంగు వెలిసిపోతుంది.

ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఈసారి పక్కన కూర్చుని ఇదంతా చూశాడు. "మావయ్యా, ఇవన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కదా, సేల్ పెట్టినప్పుడు కొనుక్కుంటే సరిపోయె. ఎందుకీ చాకిరీ?" అన్నాడు. వాడి ప్రశ్నలో తప్పేమీ లేదు. వాడికి ఊహ తెలిసేనాటికే ఆట అంటే ఖాతాలో కనిపించే బొమ్మ. జవాబుగా వాడికి వైస్ సిటీ పెట్టి చూపించాను.

'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: వైస్ సిటీ' పీసీ మీదకు 2003లో వచ్చింది. మన నెట్ సెంటర్లలో దాన్ని ఆడని పిల్లవాడు అరుదు. కథ 1986లో జరుగుతుంది. కారెక్కగానే రేడియో మోగుతుంది, ఆ కాలపు పాటలు వస్తాయి. ఆ ఊరికి ఊపిరి పోసింది ఆ పాటలే. మా డిస్క్‌లో మైకేల్ జాక్సన్ పాడిన 'బిల్లీ జీన్' ఉంది. ఇప్పటి డిజిటల్ వెర్షన్లలో అది లేదు. పాటల హక్కులకు గడువుంటుంది. గడువు తీరాక అమ్మాలంటే పాట తీసేయాలి, లేదా మళ్లీ డబ్బు కట్టాలి. అదే వరసలో వచ్చిన 'జీటీఏ 4' విషయంలో ఇంకో అడుగు ముందుకు పడింది. పదేళ్ల గడువు ముగిసిందని 2018 ఏప్రిల్‌లో ఒక అప్‌డేట్ వచ్చి, అందులోని వ్లాదివోస్తోక్ ఎఫ్ఎం అనే రేడియో స్టేషన్ పాటల్లో చాలావాటిని తుడిచేసింది. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఎప్పుడో డబ్బు పెట్టి కొన్నవాళ్ల ఆటలోంచి కూడా పోయాయి. 2021లో వైస్ సిటీతో కలిపి మూడు ఆటలకు కొత్త రూపం తెస్తూ వాటి కంపెనీ రాక్‌స్టార్ పాతవాటిని డిజిటల్ దుకాణాల నుంచి దించేసింది. కొత్తవి లోపాలతో వచ్చి గొడవయ్యాక పాతవాటిని తన సొంత దుకాణంలో మళ్లీ పెట్టింది. ఇన్ని మార్పులు జరుగుతున్నా అలమరాలోని డిస్క్‌కు ఏమీ కాలేదు. 2003లో అచ్చయినట్టే ఉంది.

డౌన్‌లోడ్ అంటే నాకు పడదని దీన్నిబట్టి అనుకోవద్దు. డిస్క్ ఒక్కటే దారిగా ఉన్న రోజులు మనకెంత ఇరుకుగా ఉండేవో తెలుసు. ఒరిజినల్ గేమ్ కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్లాలి, లేదా ఎవరైనా విదేశాల నుంచి తేవాలి. చిన్న ఊళ్లకు అదీ చేరేది కాదు. చేరిందల్లా కవర్‌లో పెట్టి అమ్మిన పైరేటెడ్ సీడీ, దాంతో పాటు ఒక క్రాక్ ఫైలు, కొన్నిసార్లు వైరస్. ఆట తయారు చేసినవాడికి అందులో పైసా ముట్టేది కాదు. 2004 నాటి ప్రభుత్వ విధానంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే 256 కేబీపీఎస్. ఆ వేగంతో ఒక డీవీడీ దింపుకోవడానికి 40 గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోకుండా ఉంటే. అలాంటి దేశంలో 2015 నుంచి స్టీమ్ రూపాయల్లో ధర చూపించడం, ఆ తర్వాత డేటా చవకవడం మామూలు మేలు కాదు. డబ్బు పెట్టి ఆట కొనే అలవాటు మన పిల్లలకు అబ్బింది అలాగే. ఎరిక్ బరోన్ అనే ఆయన నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ తానే చేసి 2016లో 'స్టార్‌డ్యూ వ్యాలీ' విడుదల చేశాడు. డిస్కులు అచ్చు వేయించి దుకాణాలకు పంపాల్సి వస్తే ఒంటిచేత్తో చేసిన అలాంటి ఆట అంత సులువుగా మనదాకా వచ్చేదా?

కాబట్టి డిస్క్‌తో వచ్చే పెట్టెకూ డౌన్‌లోడ్‌కూ మధ్య పంచాయితీ పెట్టి లాభం లేదు. ఏళ్ల తరబడి ఈ పని చేస్తూ నాకు అర్థమైంది ఒకటుంది. నా దగ్గరున్న కాపీ ఎవరినీ అడగకుండా, దానంతట అది పూర్తిగా నడుస్తుందా? దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టగలనా? ఈ రెండింటికీ అవునన్న జవాబు వస్తే అది నాది. లేకపోతే పెట్టెలో వచ్చినా నాది కాదు.

పెట్టె ఈ పరీక్షలో తప్పడం చాలా ముందే మొదలైంది. 2004 నవంబరులో 'హాఫ్-లైఫ్ 2' వచ్చినప్పుడు దుకాణంలో డిస్కులు కొన్నవాళ్లు కూడా స్టీమ్ ఖాతా తెరిచి, ఇంటర్నెట్‌లో అనుమతి తెచ్చుకుంటేనే ఆట తెరుచుకుంది. 2008లో 'స్పోర్' డిస్క్ కొన్నా మొదట మూడు కంప్యూటర్లలోనే వేసుకోవాలని పరిమితి పెట్టారు. కాపీ కొట్టకుండా వేసిన తాళాలే కొన్నవాడికి అడ్డంపడ్డ సందర్భాలూ ఉన్నాయి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో చాలా గేమ్ సీడీల మీద సేఫ్‌డిస్క్ అనే రక్షణ ఉండేది. దాని డ్రైవర్‌తో భద్రతకు ముప్పని మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10 నుంచి పక్కన పెట్టింది. దాంతో ఒక్క గీత కూడా పడని డిస్క్ కొత్త సిస్టమ్‌లో మొరాయిస్తుంది. అందుకే ఒక పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌ను నెట్‌కు కలపకుండా నడుపుతూ ఉంచాను. డిస్కులు దాచడమంటే వాటిని చదివే యంత్రాన్ని కూడా దాచడమే.

కొన్ని డిస్కుల్లో ఉన్నది ఆట మొదటి చిత్తుప్రతి. 2020 డిసెంబరులో 'సైబర్‌పంక్ 2077' ఎలా వచ్చిందో గుర్తుండే ఉంటుంది. లోపాలు ఎంత తీవ్రమంటే సోనీ వారం తిరిగేసరికి తన డిజిటల్ దుకాణం నుంచి దాన్ని తీసేసింది. ఇవాళ జనం మెచ్చుకుంటున్న సైబర్‌పంక్ వేరు, ఆ రోజు డిస్క్‌లో అచ్చయిన సైబర్‌పంక్ వేరు. మధ్యలో మూడేళ్ల ప్యాచ్‌లున్నాయి. ఆ ప్యాచ్‌లు దాచనివాడి దగ్గర డిస్క్ ఉన్నా సగం ఆటే ఉన్నట్టు. ఇక 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2కి గేమ్-కీ కార్డులని కొన్ని అమ్ముతున్నారు. చూడటానికి కార్డే, పెట్టెలోనే వస్తుంది, కానీ అందులో ఆట ఉండదు. కార్డు పెట్టాక ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలి. ఇంటి బొమ్మ అచ్చేసిన పెట్టెలో తాళంచెవి ఒక్కటే పెట్టి ఇచ్చినట్టు. అమ్మేసుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు, ఆ మేరకు మంచిదే. కానీ కంపెనీ ఆ సర్వర్ ఆపేసిన రోజు, ముందే దింపుకోనివాడికి అది ఉత్త ప్లాస్టిక్.

సర్వర్ ఆపేయడం ఎలా ఉంటుందో 'ద క్రూ' ఆడినవాళ్లకు తెలుసు. యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన కార్ల ఆట అది. అమెరికా అంతా చిన్నది చేసి పరిచి, ఒక తీరం నుంచి ఇంకో తీరానికి నడుపుకుంటూ పోయేలా చేశారు. ఒంటరిగా ఆడుతున్నా సర్వర్‌తో మాట్లాడుతూనే ఉండాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డిజిటల్‌గా కొన్నవాళ్ల ఖాతాల నుంచి లైసెన్సులు కూడా వెనక్కి తీసుకున్నారు. డిస్క్ కొన్నవాళ్ల దగ్గర డిస్క్ మిగిలింది, ఆట మాత్రం లేదు. ఆ కోపంలోంచే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టాడు. 2025 జూలైకల్లా యూరోపియన్ పౌరుల పిటిషన్ మీద పది లక్షల సంతకాలు దాటాయి. వాళ్లడిగేది సర్వర్లు కలకాలం నడపమని కాదు. ఆపేటప్పుడు ఆట ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్లమని. అది అసాధ్యమేమీ కాదు. విమర్శలొచ్చాక అదే యూబీసాఫ్ట్ 'ద క్రూ 2'కు ఆఫ్‌లైన్ మోడ్ ఇస్తామని ప్రకటించింది. ముందే ఎందుకు చేయలేదన్నదే నా బాధ. మనుషులు కష్టపడి కట్టిన ఊళ్లూ దారులూ అవి.

ఇంకొకరి చేతిలో పెట్టడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ అలవాటులో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. మా తరం ఆటలు నేర్చుకున్నది ఒకరి డిస్క్ ఒకరు ఇచ్చిపుచ్చుకుంటూ. డిస్క్‌తో పాటు చీట్ కోడ్‌లు రాసిన కాగితం వచ్చేది, ఫలానా మిషన్‌లో ఎక్కడ దాక్కోవాలో చెప్పే మాట వచ్చేది. స్టీమ్‌లో ఇప్పుడు ఒకే ఇంట్లో ఉండే ఆరుగురి వరకు లైబ్రరీ పంచుకోవచ్చు. పక్కింటి పిల్లవాడికి ఇవ్వడానికి మాత్రం లేదు. ఖాతాను ఇంకొకరికి బదిలీ చేయడానికి వాళ్ల నిబంధనలు ఒప్పుకోవు, అంటే వారసులకూ అందదు. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం వల్ల కొంటున్నది ఏమిటో ముందే చెప్పక తప్పడం లేదు. అంతకు ముందు అక్టోబరు నుంచే స్టీమ్ డబ్బు కట్టే చోట రాసి పెట్టింది, కొంటున్నది లైసెన్స్ మాత్రమేనని. ఆ ఒక్క వాక్యం చదివి మా మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. వాడి ఖాతాలో పాకెట్ మనీ దాచి కొన్న ఆటలు చాలానే ఉన్నాయి మరి.

వాడికి నేను చెప్పింది ఖాతా మూసేయమని కాదు. జీఓజీ అని పోలండ్ వాళ్ల దుకాణం ఒకటుంది, 2008 నుంచి నడుస్తోంది. తాళం లేని ఇన్‌స్టాలర్ ఇస్తారు. ఒకసారి దింపి దాచుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు. నా లెక్కలో ఆ ఫైలు నిజమైన ప్రతి, కొత్త రకం పెట్టెల కంటే ఎంతో మేలు. స్టార్‌డ్యూ వ్యాలీ అక్కడా దొరుకుతుంది. వాడూ నేనూ కలిసి ఆ ఇన్‌స్టాలర్లను రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించాం. ఒకటి మా ఇంట్లో, ఒకటి మా అక్కయ్య వాళ్లింట్లో. ఎస్ఎస్‌డీలో కాకుండా మామూలు హార్డ్‌డిస్క్‌లో పెట్టమన్నాను. కరెంటు అందకుండా ఏళ్లు మూలన పడితే ఎస్ఎస్‌డీలో సమాచారం నిలవకపోవచ్చు.

చట్టం ఏమంటుందని అడిగాడు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఇందుకు చోటిచ్చింది. న్యాయంగా కొన్న కంప్యూటర్ ప్రోగ్రామ్ పోకుండా, పాడవకుండా కాపాడుకోవడానికి కొన్నవాడు బ్యాకప్ తీసుకోవచ్చు. అది అమ్ముకోవడానికి కాదు. కానీ ఇంటింటా బ్యాకప్‌లు ఒక దేశపు జ్ఞాపకాన్ని నిలబెట్టలేవు. ఫ్రాన్స్‌లో 1992 చట్టం నుంచి వీడియో గేమ్ ప్రతులు కూడా అక్కడి జాతీయ గ్రంథాలయానికి చేరుతున్నాయి. మన దగ్గర 1954 చట్టం పుస్తకాలనూ పత్రికలనూ గ్రంథాలయాలకు ఇవ్వమంటుంది, ఆటల ఊసు లేదు. అమెరికాలోనే 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అక్కడ మ్యూజియాలున్నాయి, పట్టించుకునేవాళ్లున్నారు. ఇక్కడి సంగతి ఆలోచిస్తే గుబులేస్తుంది.

2008లో ఆమిర్ ఖాన్ 'గజిని' సినిమా పేరుతో ఒక పీసీ గేమ్ వచ్చింది. తయారు చేసింది మన హైదరాబాద్‌లోని ఎఫ్ఎక్స్‌ల్యాబ్స్. అప్పట్లో మన వాళ్లు త్రీడీలో ఆట చేయడమే పెద్ద సంగతి. ఆ ఆట గొప్పదా కాదా అన్నది వేరే చర్చ. ఈ ఊళ్లో కూర్చుని మన కుర్రాళ్లు చేసిన పని అది. అలాంటి ఆటలు, పిల్లలకు తెలుగు అక్షరాలూ పద్యాలూ నేర్పిన సీడీలు ఇంకా బతికున్నాయంటే ఎవరింట్లోనో అటక మీద ఉన్న డిస్కుల్లోనే. పాత సామాన్లవాడికి వేసే ముందు ఒకసారి చూడండి. రెండు మూడు వేల రూపాయల్లో యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ దొరుకుతుంది. డిస్క్ తుడిచి పెట్టి ఇమేజ్ తీయండి, పెట్టెనూ సీడీ కీనూ ఫొటో తీసి ఆ ఫైలు పక్కనే ఉంచండి. మొదటిసారి చదవకపోతే పారేయకండి, ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒకటి మొరాయించినదాన్ని ఇంకొకటి చదవడం నేను చాలాసార్లు చూశాను, పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లకు ఆ ఓపిక ఎక్కువ.